ఇంటి జ్ఞాపకములు – కథారచన

(గ్రంథాలయ రజతోత్సవ సాహిత్యసభ యందలి యుపన్యాసము)



తెలుగు పల్లెలో కథ లేని యిల్లు లేదు. రాత్రి భోజనములైన పిదప అరుగుమీద చాప పఱచుకొని ముసలమ్మ కూర్చున్నచో, పిల్లలు చుట్టు జేరి యడుగునది రాజుల కథలు మాత్రమే కాదు. “మన యింటి నడిమి దూలము ఎక్కడినుండి వచ్చినది? తాతయ్య వరదలో నెట్లు బయటపడెను? పెద్దత్త అత్తవారింటికి పోక యిక్కడనే యేల యుండిపోయినది?” అని కూడ నడుగుదురు. ముసలమ్మ చెప్పును. మఱునాడు మఱల నడిగినచో మఱల చెప్పును. ఒక్కొక్కమారు ఒక మాట చేర్చును. ఒక్కొక్కమారు ఒక మాట మింగును. ఆమె కన్ను మూసినప్పుడు ఆ కథలలో సగ మామెతోనే పోవును. మిగిలిన సగము, విన్న పిల్లలు పెద్దవారై ఉద్యోగములకై తలకొక యూరు పట్టిన పిదప, కొలది యేండ్లలో మాసిపోవును. ఇది ప్రతి గ్రామమునందును జరుగుచున్న నష్టము. వరదలో పోయిన పంటకు లెక్క యున్నది. గాలివానకు కూలిన చెట్లకు లెక్క యున్నది. ఈ నష్టమున కే చిట్టాలోను పద్దు లేదు.

ఇట్టి యింటి జ్ఞాపకములు సాహిత్యమగునా, అగుచో నెట్లగును అనునది నేటి ప్రసంగ విషయము.

ఈ ప్రశ్నకు రెండు తొందరపాటు సమాధానములు కలవు. మొదటిది: “జ్ఞాపకము లేనివా డెవడు? జరిగినది జరిగినట్లు వ్రాసిన చాలును, కథ యగును” అనుట. రెండవది: “మన యిండ్లలో నేమున్నది? కావ్యమునకు రాజులు కావలెను, యుద్ధములు కావలెను. మన పెరటి నుయ్యి, మన గాదె, మన ఆవకాయ జాడీ ఎవరికి కావలెను?” అనుట. రెండును పొరపాటే. ముందు మొదటిదానిని పరిశీలింపవలెను.

పాతకాలపు భాగపంపకముల దస్తావేజు నొకదానిని విప్పి చూచినచో దానిలో ఇల్లంతయు కనబడును. తూర్పు – రాజవీథి. దక్షిణము – పొరుగువారి పెంకుటింటి గోడ. పడమర – పుంత. ఉత్తరము – ఉమ్మడి నుయ్యి. ఈ నాలుగు హద్దుల నడుమ గల యిల్లు, దొడ్డి, చెట్టుచేమలు, రాకపోకల హక్కుతో సహా. ఆ పిమ్మట గంగాళములు రెండు, ఇత్తడి బిందెలు నాలుగు, భోషాణ మొకటి, కవ్వము త్రాటితో సహా చల్లకుండ యొకటి. ఇందులో అబద్ధ మొక్కటియు లేదు. కాని ఈ దస్తావేజు చదివి యెవరును కంటతడి పెట్టరు. బిందెలు పంచుకొన్న దినమున పడమటింటి తలుపు వేసికొని యేడ్చిన తల్లి మాట దానిలో లేదు. ఉండనక్కఱయును లేదు, దస్తావేజు చేయవలసిన పని యది కాదు.

జరిగినది జరిగినట్లు వ్రాసిన జ్ఞాపకము చాలవఱకు దస్తావేజు వంటిది. వ్రాసినవానికి ప్రతి బిందెయు నొక చరిత్ర. చదివినవానికి అది ఇత్తడి బిందె మాత్రమే. తనకు ప్రియమైనది పరునకును ప్రియము కావలెనన్న నడుమ నేదో మార్పు జరుగవలెను. ఆ మార్పు నెఱిగినవారు పూర్వకవులు.

రఘువంశము పదునాల్గవ సర్గమున కాళిదాసు ఒక చిన్న సన్నివేశము చూపెను. అరణ్యవాసము ముగిసినది, పట్టాభిషేకము జరిగినది. చిత్రములు వ్రాసిన భవనములలో సీతారాములు సుఖముగా నున్నారు. అప్పుడు దండకారణ్యమున పడిన కష్టములు తలపునకు వచ్చినచో అవియు సుఖములే యయ్యెనని కవి చెప్పెను. అనుభవించునాడు ముల్లైనది తలచుకొనునాడు పువ్వగును. దీనికి కారణము దూరము. కాలము గడచినగాని, చోటు మాఱినగాని, మనుష్యుడు తన బ్రదుకును తాను చూడజాలడు.

భవభూతి ఇంకను ముందునకు పోయెను. ఉత్తరరామచరితము ప్రథమాంకమున లక్ష్మణుడు రామకథను వ్రాయించిన చిత్రములను చూపుచుండగా సీతారాములు తమ గత జీవితమును తామే చూచుకొందురు. శూర్పణఖ బొమ్మను చూచి సీత బెదరును. ఇది చిత్రమే గదా యని రాముడు ధైర్యము చెప్పవలసి వచ్చును. వియోగకాలపు చిత్రములకడ రాముని ధైర్యమే సడలును. చిత్రములు చూచుచుండగనే సీతకు ఆ వనములను, భాగీరథిని మఱల చూడవలెనన్న కోరిక పుట్టును. ఆ వెనువెంటనే లోకాపవాద వార్త వచ్చును. ఆ కోరిక తీర్చుటయను మిషమీదనే ఆమె అడవికి పంపబడును. జ్ఞాపకము వట్టి తీపి కాదనియు, అది నేటి బ్రదుకుపై చేయి వేయగలదనియు భవభూతి యెఱుగును.

ఈ యిద్దఱి మాటలను కలిపినచో ఒక సూత్రము లభించును. ఇంటిని గూర్చి వ్రాయువానికి దూరము కావలెను. కాని గాయము పూర్తిగా మానిపోయి యుండరాదు. దూరము లేనివాడు వ్రాసినది ఏడ్పగును. గాయము లేనివాడు వ్రాసినది వట్టి గొప్పలు చెప్పుకొనుట యగును.

ఆలంకారికుల మాట యొకటి కలదు. క్రౌంచపక్షి శోకమును చూచిన వాల్మీకి నోట శ్లోకము వెలువడినదన్న కథ నెఱుగనివారుండరు. ఆ శోకము ముని స్వంత శోకమని యనుకొనరాదని అభినవగుప్తుడు హెచ్చరించెను. తన దుఃఖముతో తానే కుందుచున్నవాడు కావ్యము చెప్పజాలడు. ఆ దుఃఖము ‘నాది’, ‘వానిది’ అను హద్దులను విడిచి అందఱిదైనప్పుడే రసమగును. దీనినే సాధారణీకరణమన్నారు. దస్తావేజునకు నాలుగు హద్దులు లేక చెల్లదు. కథకు హద్దులు చెఱగినగాని చెల్లదు.

ఈ సిద్ధాంతము ఆచరణలో నెట్లుండునో చూచుటకు వంగదేశపు ఉదాహరణ మొకటి మిక్కిలి తగియున్నది. అది ‘పథేర్ పాంచాలి’ యను నవల. దీనిని మద్దిపట్ల సూరి తెలుగు చేసెను గనుక తెలుగు పాఠకులకు క్రొత్తది కాదు.

దీనిని వ్రాసిన విభూతిభూషణ బందోపాధ్యాయుడు 1894లో జన్మించెను. తండ్రి సంస్కృతము చదివిన బ్రాహ్మణుడు. ఊరూర పురాణకథలు చెప్పుట ఆయన వృత్తి. ఆదాయము తక్కువ, తిరుగుడు ఎక్కువ. విభూతిభూషణుడు చదువుకొనుచుండగనే తండ్రి మరణించెను. కష్టపడి కలకత్తాలో బి.ఏ. పూర్తిచేసి బడిపంతులయ్యెను. వివాహమైన యేడాదికే భార్య మరణించెను. ఇట్లు తిరిగి తిరిగి 1920వ దశకమున బీహారులోని భాగల్పూరు ప్రాంతమున ఒక వంగ జమీందారీ ఎస్టేటు కచేరీలో ఉద్యోగమునకు కుదిరెను. శిస్తులు, కౌళ్లు, అడవి భూములు, రైతుల తగవులు – ఇవి ఆయన దినచర్య. ఆ లెక్కల నడుమ, తన యూరికి బహుదూరమున, 1925లో ఆయన ఈ నవలకు ప్రారంభము చేసెను. ముగియునప్పటికి 1928 వచ్చినది. ‘విచిత్ర’ యను మాసపత్రికలో క్రమముగా వెలువడి 1929లో గ్రంథరూపము దాల్చినది.

గమనింపవలసిన మొదటి విషయ మిది: ఇంటిలో కూర్చుండి ఆయన ఇంటిని గూర్చి వ్రాయలేదు. కాళిదాసు చెప్పిన దూరము ఆయనకు భాగల్పూరులో లభించినది. భవభూతి చెప్పిన గాయము ఆయన వెంటనే యుండినది.

నవలలో కథయని చెప్పదగినది స్వల్పము. నిశ్చిందిపురమను పల్లె. హరిహరుడను పేద పురోహితుడు, ఆయన భార్య సర్వజయ, కూతురు దుర్గ, ఆమెకంటె చిన్నవాడు అపు. ఆ యింటనే తలదాచుకొన్న వృద్ధ వితంతువు ఇందిర్ ఠాక్రున్. దుర్గ జ్వరముతో మరణించును. తుదకు కుటుంబ మా యూరు విడిచి కాశికి పోవును. హరిహరుని వృత్తిలో రచయిత తండ్రి కనబడును. నిశ్చిందిపురమున ఆయన స్వగ్రామము కనబడును. వెదురుపొదలలో తిరుగు అపునిలో ఆయన బాల్యము కనబడును. ఇంతవఱకు ఇది జ్ఞాపకమే.

అయిన దుర్గ యెవరు? నవల చదివినవారు హరిహరుని మఱచిపోవచ్చును, దుర్గను మఱవరు. పొరుగువారి తోటలో రాలిన కాయలేరి తెచ్చునది దుర్గ. తల్లికి తెలియకుండ పచ్చిమామిడి ముక్కలకు ఉప్పు, నూనె కలిపి తమ్ముని కింత పెట్టి తానింత తినునది దుర్గ. ముసలి ఇందిర్ ఠాక్రున్‌ను ప్రేమించునది దుర్గ. ఇంతటి జీవము గల అక్క రచయితకు నిజముగా నుండి యుండవలెనని చదివినవారెల్లరు అనుకొందురు. కాని విభూతిభూషణునకు అక్క లేదు. అయిదుగురు సంతానములో ఆయనయే పెద్దవాడు.

ఈ విషయమున ఆయన చెప్పినట్లుగా వంగదేశమున ప్రసిద్ధమైన వృత్తాంతమొకటి కలదు. మొదటి వ్రాతప్రతిలో దుర్గయే లేదట. ఒకనాడు భాగల్పూరులో ఆయనకొక పిల్ల కనబడినది. తల దువ్వుకొనని జుట్టు. ఏదో చెప్పదలచినట్టి చూపు. ఆ పిల్ల లేని తన గ్రంథము అసంపూర్ణమని ఆయనకు తోచినదట. వ్రాసినదంతయు ప్రక్కకు పెట్టి, ఆ పిల్లను ఇంటిలోనికి తెచ్చి, నవలను మఱల మొదటినుండి వ్రాసెనని చెప్పుదురు.

ఇచ్చట లెక్కలకు అలవాటుపడినవానికి ఒక సందేహము కలుగును. లేని పద్దును చేర్చుట దొంగలెక్క కాదా? స్వంత యింటి జ్ఞాపకములని చెప్పుచు, ఆ యింట పుట్టని పిల్లను చేర్చినచో అది అబద్ధము కాదా?

ఈ ప్రశ్నకు సమాధానము దొరికిననే ప్రసంగ విషయము తేలును. కనుక కొంత నిలిచి ఆలోచింపవలెను.

ఏ యింటి జ్ఞాపకమైనను ఒక పక్షపు లెక్కయే. ఇంటిలో ఎవడు ముద్దుగా పెరిగెనో వానికి తీపి జ్ఞాపకము లుండును. వానికే చదువును అబ్బును. వాడే తరువాత వ్రాయును. వాని పుస్తకములో తనకు వచ్చినదంతయు జమ పడియుండును. తనకు రాగలందులకు ఎవరికి రాకపోయినదో ఆ ఖర్చు పద్దు ఉండదు. పేద యింట మగపిల్లవానికి పోసిన పాలు ఆడపిల్లకు పోయని పాలే. అతని బడి ఆమెకు లేని బడియే. అతడు చేసిన అల్లరి ముచ్చట. ఆమె కోసిన కాయ దొంగతనము. విభూతిభూషణుడు తన బాల్యమును మాత్రమే వ్రాసియున్నచో అందమైన పుస్తకమయ్యెడిది. దుర్గను చేర్చినందువలన నిజమైన పుస్తకమైనది. ఆయన చేర్చినది దొంగపద్దు కాదు. ఆ దేశమున ప్రతి యింటిలోను వ్రాయక విడిచిన బాకీ.

కావున ఇంటి జ్ఞాపకము కథయగుటకు చేయవలసిన ముఖ్యమైన పని యిది: తనకు దక్కినది చెప్పుకొనుటతో సరిపెట్టక, ఆ యింటిలో ఎవరికి దక్కలేదో వారికి కథలో చోటిచ్చుట. తక్కిన శిల్ప సూత్రములన్నియు దీని తరువాతనే.

తెలుగింటి నొకదానిని ఊహింపవచ్చును. ఆ యింట ‘పెద్దత్త’ యని ఒకామె యుండెడిది. ఆమె అసలు పేరు పిల్లలకు తెలియదు. తెల్లవారుజామున గిలక చప్పుడయినచో పెద్దత్త నీళ్లు తోడుచున్నదని యర్థము. పిల్లవాడు వంటయింటి గడపకడ నిలువబడినచో ఆమె చుట్టుప్రక్కల చూచి బెల్లపు ముక్క చేతిలో పెట్టెడిది. నలువదియేండ్ల పిదప ఆ పిల్లవాడు వ్రాయ కూర్చున్నాడు. గిలక చప్పుడు వ్రాసెను, బెల్లము వ్రాసెను. వినుటకు ఇంపుగానే యున్నది. కాని అంతటితో ఆగినచో అది బెల్లపు ముక్క జ్ఞాపకము మాత్రమే. ఆమె చుట్టుప్రక్కల నేల చూచినది? తన అన్నగారింట బెల్లపు ముక్క యొకటి తీసి యిచ్చుటకు ఆమెకు స్వాతంత్ర్యము లేదు గనుక. తొమ్మిదవ యేట పెండ్లియై, పదునొకండవ యేట పసుపు కుంకుమలు పోయి, ఆ యింటికి తిరిగివచ్చి ఒంటిపూట తినుచు ఏబదియేండ్లు నీళ్లు తోడినది గనుక. పిల్లవానికి తెలిసినది బెల్లము. పెద్దవానికి తెలిసినది ఆ దొంగచూపు. రెండును ఒక్క వాక్యమున కలిసిననాడు కథ పుట్టును. బిడ్డ కన్నుతో చూడవలెను. పెద్దవాని తెలివితో తూచవలెను. ఒకటి లేక రెండవది చాలదు.

ఇక రెండవ సందేహము, మొదటిదానికంటె కష్టమైనది. ఇంటి గుట్టు బయటపెట్టవచ్చునా? పెద్దల తప్పులు వ్రాసినచో వంశగౌరవ మేమగును? చచ్చినవారు తిరిగివచ్చి సంజాయిషీ చెప్పుకొనలేరు గదా! ఈ భయముచేతనే ఎందరో కలము పట్టి దింపివేసినారు. ఈ భయము అల్పమైనది కాదు; దీనిని పరిహసింపరాదు.

‘పథేర్ పాంచాలి’ లో ఈ సందేహమునకు కూడ సమాధాన మున్నది. సర్వజయ ఆ ముసలి ఇందిర్ ఠాక్రున్‌ను ఇంటిలో నుండనీయదు. ఆ వృద్ధ తుదకు పరుల పంచన ప్రాణము విడుచును. ఇది చిన్న తప్పు కాదు. రచయిత దీనిని దాచలేదు. అట్లని సర్వజయను రాక్షసిగా చిత్రింపలేదు. కుండలో ఉన్న గింజలు ఎన్ని, తినవలసిన నోళ్లు ఎన్ని, భర్త పంపిన డబ్బు ఎన్నడు వచ్చినది – ఇవి చూపెను. తప్పు కనబడును, దాని వెనుక లేమియు కనబడును. చదివినవాడు సర్వజయపై కోపము తెచ్చుకొనబోయి, తన యింటి గాదెవైపు చూచుకొని మిన్నకుండును. పగ తీర్చుకొనుటకు వ్రాసినది ఫిర్యాదు అర్జీ యగును. కప్పిపుచ్చుటకు వ్రాసినది సన్మానపత్ర మగును. కారణముతో సహా తప్పును చూపినదే కథ.

ఇంకొక ఘట్టము దీనికంటె సూక్ష్మమైనది. పొరుగింట చిన్న బంగారు కుంకుమభరిణ పోయినది. దుర్గమీద నింద పడినది, ఆమె దెబ్బలు తిన్నది, తాను తీయలేదన్నది. ఆమె పోయిన పిదప, కుటుంబము ఊరు విడుచు సమయమున, ఆ భరిణ అపు కంట పడును. అక్కయే తీసినది! అపు ఎవరికిని చెప్పడు. దానిని తీసికొనిపోయి వెదురు పొదలలోనికి విసరివేయును. ఊరి కంతటికి తెలియకుండ ఆ తమ్ముడు అక్క పరువు కాపాడెను. పాఠకునకు మాత్రము తెలిసినది. తెలిసియు వాడు దుర్గను దొంగయనలేడు. గుట్టు చెప్పుటయు, గౌరవము నిలుపుటయు ఒక్కచోటనే సాధ్యమని ఈ ఘట్టము నిరూపించుచున్నది.

జ్ఞాపకము చేతులు మాఱినప్పు డేమగునో కూడ ఈ నవలయే తెలుపును. సత్యజిత్ రాయ్ కలకత్తా నగరమున పుట్టి పెరిగినవాడు. ఆయనకు పల్లెటూరి బాల్యము లేదు. ఈ నవలకు పిల్లలకై సంక్షిప్తము చేసిన ప్రతికి 1940వ దశకమున బొమ్మలు వేయుచు ఆయన ఆ యింటిలో ప్రవేశించెను. 1952లో చిత్రీకరణ మొదలుపెట్టెను. ధనము చాలక పని పలుమార్లు ఆగినది. తుదకు పశ్చిమ వంగ ప్రభుత్వపు సొమ్ముతో 1955లో చలనచిత్రము వెలువడినది. నవలలో దుర్గయు అపుయు రైలును చూడవలెనని పోయి దారి తప్పి తిరిగివచ్చెదరు. జ్వరములో పడియున్న దుర్గ తనకు ఒకనాడు రైలు చూపవలెనని తమ్ముని అడుగును. ఆ కోరిక తీరదు. చలనచిత్రములో మాత్రము ఇద్దఱును తెల్లని రెల్లుపూల చేలలో పరుగెత్తి రైలును చూతురు. ఒకరు ఆ పిల్లకు రైలు దక్కనీయలేదు, మఱియొకరు దక్కించిరి. రెండును చూచినవారి కన్నులు చెమర్చినవి. స్వంత యింటి జ్ఞాపకము అందఱిదైన పిదప, పరుడైనవాడు కూడ దానిని తన జ్ఞాపకముగా చేసికొని మఱల చెప్పగలడు. సాధారణీకరణమన్న మాటకు ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము లేదు.

తెలుగునాట ఈ మార్గము శూన్యముగా లేదు. చిలకమర్తి లక్ష్మీనరసింహము కన్నులు కానరాని స్థితిలో ‘స్వీయచరిత్రము’ను ఇతరులచే వ్రాయించెను. బయట చీకటియైనను లోపలి గోదావరి తీరము ఆయనకు చీకటి కాలేదు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి వేదవిద్యాకుటుంబమున 1891లో పుట్టి, తెలుగున వ్రాయుటయే తక్కువతనముగా భావించు పరిసరములలో పెరిగి, తెలుగు కథకై తానుపడిన పెనుగులాటను ‘అనుభవాలూ – జ్ఞాపకాలూనూ’ అను గ్రంథమున చెప్పెను. ఆయన కథలలో స్త్రీలు మాటలాడుచుండగా గోదావరి సీమలోని పెరటి గుమ్మమునకడ నిలిచి వినుచున్నట్లుండును. ఇటీవలి దశాబ్దములలో నామిని సుబ్రహ్మణ్యంనాయుడు ‘పచ్చనాకు సాక్షిగా’ లో చిత్తూరు సీమ రైతు యింటిని, మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ లో నెల్లూరు సీమ ముస్లిము కుటుంబపు బాల్యమును, ఆయా యిండ్లలో నాడిన మాటలతోనే వ్రాసిరి.

ఇక్కడ ప్రాచీనకావ్యములపై మక్కువ గలవారు ఒక విషయ మొప్పుకొనక తప్పదు. అమ్మ అన్నము పెట్టుచు పలికిన పలుకును గ్రాంథికములోనికి మార్చినచో అది అమ్మ పలుకు కాదు. విశ్లేషణమునకు, వర్ణనమునకు ఏ భాషయైనను వాడవచ్చును గాని, ఇంటివారి మాట ఇంటివారి నోట ఎట్లుండెనో అట్లే యుండవలెను. తప్పని తోచిన ఉచ్చారణము కూడ అక్కడ ఒప్పే.

ఇంకొక విషయమును విస్మరింపరాదు. ఇల్లనగా వీథి గుమ్మమున ప్రవేశించినవారి యిల్లు మాత్రమే కాదు; దొడ్డి గుమ్మము వఱకే రానిచ్చినవారిది కూడ. ఆ యింటి పిల్లలను ఎత్తుకొని పెంచిన పనిమనిషి, కొట్టములో పండుకొన్న పాలేరు, పురుళ్లు పోసిన మంత్రసాని – వీరు లేక ఏ పెద్ద యింటి కథయు పూర్తికాదు. వారి యిండ్లు కూడ ఇండ్లే. పెంకుటింటికి దస్తావేజు ఉన్నది, పన్ను రసీదు ఉన్నది. ఊరి చివర తాటాకు గుడిసెకు చాలకాలము ఏ కాగితమును లేదు. గాలివానకు లేచిపోయిన గుడిసె ఎక్కడ నుండెనో చెప్పునది అందులో పుట్టినవాని జ్ఞాపక మొక్కటియే. కాబట్టి ఆ జ్ఞాపకమునకు విలువ ఇంకను హెచ్చు. దానిని వ్రాయవలసిన తొందరయు హెచ్చు.

మొదట చెప్పిన రెండవ పొరపాటునకు సమాధానము దీనితోనే వచ్చినది. రాజులు లేక కావ్యము లేదనువారు నిశ్చిందిపురమున రాజెవరో వెదకుకొనవలెను. పచ్చిమామిడి ముక్కలు, బంగారు భరిణ, కనబడని రైలు – ఇంతకంటె అక్కడ సామగ్రి లేదు. ఆ సామగ్రి ఈ యూరి ప్రతి యింటను ఉన్నది.

ఇక ఆచరణ. వ్రాయదలచినవారు మొదట పెద్దలను ప్రశ్నింపవలెను. “నీ జీవితము చెప్పుము” అన్నచో ఎవరును చెప్పలేరు. “ఈ భరిణ ఎవరిది? ఈ గోడలో మూసిన తలుపు ఎప్పుడు మూసిరి? ఆ సంవత్సరము పంట పోయినప్పుడు ఇంటిలో ఏమి తినిరి?” అని వస్తువును చూపి యడిగినచో మాట దానంతటదియే వచ్చును. మగవారు చెప్పిన పిదప ఆ విషయమునే ఆడువారిని వేఱుగా నడుగవలెను. రెండు కథలు వచ్చును, రెండును వ్రాసికొనవలెను. ఎవరు ఏమి చెప్పక ఆగిపోయిరో అదియు గుర్తు పెట్టుకొనవలెను. చాలమారులు కథ అక్కడనే యున్నది. వ్రాసినదానిని కొంతకాలము పెట్టెలో నుంచి, మఱల తీసి చదువుకొని, “ఇందులో ఎవరికి చోటు దక్కలేదు?” అని ప్రశ్నించుకొనవలెను. ఆ జవాబు దొరికిన పిదప, విభూతిభూషణునివలె, అవసరమైనచో మొదటినుండి వ్రాయవలెను.

ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయము ఇతరుల యిండ్ల కథలను ఈ యూరికి తెచ్చినది. ఇక్కడి చందాదారులు వంగదేశమును చూడకయే నిశ్చిందిపురపు వెదురుపొదలను ఎఱుగుదురు. చూడని దుర్గకై కన్నీరు పెట్టిరి. ఈ యూరి పెద్దత్తలను గూర్చి ఎఱిగినవారు ఈ పొలిమేర దాటి ఒక్కరును లేరు. వచ్చు సంవత్సరములలో గ్రంథాలయపు బీరువాలో ఒక అఱ ఈ యూరి యిండ్ల కథలకై విడిచి, ఒక నోటు పుస్తకమును బల్లమీద నుంచినచో, వ్రాయగలవారు వ్రాయుదురు. వ్రాయలేనివారు చెప్పగా చదువుకొన్న పిల్లలు వ్రాసిపెట్టుదురు. అందులో పది పుటలు నిలిచినను చాలును. అన్నియు కావ్యములు కానక్కఱలేదు. కాని అరుగుమీది ముసలమ్మలు ఇంకను కొందఱున్నారు. వారిని ఈ రాత్రియే అడుగవలెను. రేపటికి వాయిదా వేయదగిన పని కాదు ఇది.

స్వస్తి.